నాన్నగారికి బీపీ 168/102 అట, ఒంట్లో ఏ బాధా లేదు. మాత్ర అవసరమా?

రాజోలు అమ్మాయి:
నాన్నగారికి 58 ఏళ్లు. కొబ్బరి దింపు చేయిస్తారు. మొన్న మా ఊరి రామాలయం అరుగు మీద 30 దాటిన అందరికీ బీపీ, షుగరు చూస్తుంటే, తోట నుంచి వస్తూ సైకిల్ దిగి చెయ్యి చాపారు. 168/102 అని చీటీ రాసిచ్చారు. "తలనొప్పి లేదు, కళ్లు తిరగవు, నాకు బీపీ ఏంటి? మిషన్ తేడా" అని ఆ చీటీ క్యాలెండర్ వెనక దోపేశారు. మాత్ర మొదలెడితే ఇక మానలేమని అమ్మకీ భయం. నాకు మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

ఏఎన్ఎం అక్క:
ముందు ఆ చీటీ బయటికి తీయమ్మా. క్యాంపుల్లో లైను పెద్దదైతే ఒక్కోసారి చొక్కా చేతి మీదే పట్టీ చుట్టేస్తాం, రొప్పుతూ వచ్చినవాళ్లకి అలాగే చూసేస్తాం. అంకె పెరుగుతుంది. అందుకే మళ్లీ చూడాలి, కొట్టిపారేయకూడదు. అంతకు అరగంట ముందు నుంచి కాఫీ, చుట్ట వద్దు. మూత్రానికి వెళ్లొచ్చాక, వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేల మీద ఉంచి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమను. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి, కిందికి వేలాడితే ఎక్కువ చూపిస్తుంది. నిమిషం ఆగి రెండోసారి చూడు. వేరే రోజు చూసినా పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ తగ్గకపోతే అది బీపీయే. మీ నాన్నగారి అంకెకి నెలలు ఆగకూడదు, ఈ వారమే పీహెచ్‌సీ డాక్టరుగారికి చూపించు. మూతి వంకర పోయినా, మాట తడబడినా, గుండెల్లో నొప్పి వచ్చినా మాత్రం వెంటనే 108కి ఫోన్ చెయ్యి.

లంక రైతు:
మా బాబాయి 4 నెలలు మాత్ర వేసుకుని, నార్మల్‌కి వచ్చిందని మానేశాడు. ఆ మాత్ర వల్లే నార్మల్‌గా ఉందని మాకెవరికీ తట్టలేదు. కోతల రోజు పొద్దున్న చద్దన్నంలో ఆవకాయ నంజుకుంటుంటే చేతిలో ముద్ద జారిపోయింది. తీద్దామంటే చెయ్యి లేవలేదు. పక్షవాతం. ముందు రోజు దాకా ఆయనకీ తలనొప్పి లేదమ్మా.

రిటైర్డ్ మాస్టారు:
2003-04లో మన ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో ఎవరు దేనివల్ల పోయారో ఇంటింటికీ వెళ్లి రాసుకున్నారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవే. అప్పటిదాకా పల్లెల్లో జ్వరాలే పెద్ద శత్రువని నేననుకునేవాణ్ణి.

రాజోలు అమ్మాయి:
ఏఎన్ఎం అక్కా, మీరు చెప్పినట్టే నిన్నా ఇవాళా చూయించాం. 156/98, 154/96. మాస్టారు రాసింది చదివి వినిపించాను, బాబాయిగారి సంగతీ చెప్పాను. నాన్నగారు ఏమీ అనలేదు, చీటీ తీసి జేబులో పెట్టుకున్నారు. రేపు పీహెచ్‌సీకి వెళ్తున్నాం. ఎండుచేపలు, ఆవకాయ పూర్తిగా మానాలా?

ఏఎన్ఎం అక్క:
రోజుకి మనిషికి అన్నిట్లో కలిపి ఉప్పు 5 గ్రాముల లోపే, అంటే చిన్న చెంచాడు. ఎండుచేప తిన్న పూట ఆవకాయ వద్దు, మజ్జిగలో ఉప్పు అసలే వద్దు. రేపు డాక్టరుగారు ఏమన్నారో రాయి, చూస్తుంటాను.