వీకెండ్ మ్యాచ్‌ల ప్రిడిక్షన్ గేమ్: సీజన్ మధ్యలో పాయింట్ల రూల్ మార్చవచ్చా?

పదోనంబర్ జెర్సీ:
అందరికీ నమస్కారం. రెండు సందేహాలున్నాయి. రెండూ ఒకే గొడవలోంచి పుట్టినవే.

మా ఫ్రెండ్స్ మధ్య ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ మీద ప్రిడిక్షన్ గేమ్ నడుస్తోంది. నడిపేది నేనే, ఆడేదీ నేనే. డబ్బు లేదు, పరువే పందెం. ప్రతి వారం పది మ్యాచ్‌లకీ స్కోరు చెప్పాలి. గెలుపో డ్రానో సరిగ్గా చెబితే 1 పాయింటు, స్కోరు కూడా అచ్చంగా కలిస్తే మొత్తం 3. ఆగస్టులో అందరం ఒప్పుకున్న లెక్క ఇది. ఇప్పుడు సీజన్ సగం దాటింది, ఒకతను అందనంత ముందుకు వెళ్లిపోయాడు. కింద ఉన్నవాళ్లు "ఇక ఆడి ఏం లాభం, కరెక్ట్ స్కోరుకి 10 పెట్టు, అప్పుడే మజా" అని పట్టుబడుతున్నారు. ఓటింగ్ పెడితే వాళ్లదే గెలుపు. పైన ఉన్నతను "మారిస్తే నేను మానేస్తా" అంటున్నాడు.

ఇలా మార్చడం న్యాయమేనా? మెజారిటీ ఉంటే చాలా? ఇది మొదటి సందేహం. రెండోది నా సొంత బాధ. ఫామ్ చూసుకునే చెబుతున్నా, అయినా సగానికి సగం తప్పుతున్నాయి. మెరుగుపడే దారి ఏమైనా ఉందా?

లెక్కల పిచ్చి:
రెండోదానికి ముందు జవాబిస్తా. సగం కరెక్ట్ అవుతున్నాయంటే మీరు బాగానే ఆడుతున్నట్టు. ఫుట్‌బాల్‌లో ఫలితాలు మూడు, గోల్స్ తక్కువ. బంతి ఎవరికో తగిలి దారి మళ్లే ఒక్క డిఫ్లెక్షన్‌తో మ్యాచ్ తారుమారవుతుంది. ప్రీమియర్ లీగ్‌లో మామూలుగా హోమ్ టీమ్ గెలిచేవి నూటికి 45 దగ్గర, డ్రాలు పావు వంతు, మిగతావి అవే టీమ్‌వి, అంటే బయటినుంచి వచ్చి ఆడేవాళ్లవి. అంటే కళ్లు మూసుకుని అన్నిటికీ "హోమ్" అని రాసేవాడికే 45 దాకా వస్తాయి. మీ అంచనా దానికంటే ఎంత పైన ఉందో చూసుకోండి, నూటికి నూరుతో పోల్చుకోకండి.

"ఫామ్" అని మనం చూసేది చివరి ఐదు మ్యాచ్‌లు. ఐదంటే చాలా తక్కువ, పైగా అందులో ఎవరితో ఆడారన్నది కనిపించదు. వరసగా మూడు గెలిచిన టీమ్ ఆ మూడూ టేబుల్ అడుగున ఉన్నవాళ్ల మీదే గెలిచి ఉండొచ్చు. ఫలితాల కంటే ఎక్స్‌పెక్టెడ్ గోల్స్, అంటే ఎక్స్‌జీ చూడండి. ప్రతి షాట్ గోల్ అయ్యే అవకాశం ఎంతో కట్టి కూడిన అంకె అది. పెనాల్టీకి దాదాపు 0.8, బాక్స్ బయటినుంచి కొట్టే చాలా షాట్లకు 0.05 కూడా రాదు. ఎక్స్‌జీలో వెనకబడుతూ 1-0 గెలుపులు లాగుతున్న టీమ్‌ను నమ్మొద్దు. పది పన్నెండు మ్యాచ్‌ల సగటు తీసుకుంటే కాస్త స్థిరమైన బొమ్మ వస్తుంది.

ఇక స్కోరు విషయం. పాయిసాన్ విభాజనం అని డిగ్రీ స్టాటిస్టిక్స్‌లో ఒకటుంది, సగటు తెలిస్తే సున్నా, ఒకటి, రెండు గోల్స్ పడే అవకాశం ఒక్కోదానికి ఎంతో చెప్పే సూత్రం. ఫుట్‌బాల్ గోల్స్‌కి అది బాగా అతుకుతుంది. 1997లో మార్క్ డిక్సన్, స్టువర్ట్ కోల్స్ అనే ఇద్దరు దీన్ని 0-0, 1-1 లాంటి చిన్న స్కోర్లకు తగినట్టు సవరించారు కూడా. ఆ సవరణ లేకుండానే మన ఆటకు సరిపోతుంది. హోమ్ టీమ్‌కి సగటున 1.5, అవే టీమ్‌కి 1.2 గోల్స్ అనుకుంటే వచ్చేవి ఇవి: హోమ్ గెలుపు 44 శాతం, డ్రా 25.5, అవే గెలుపు 30.5. విడి స్కోర్లలో మాత్రం అన్నిటికంటే ఎక్కువ అవకాశం 1-1కి, 12 శాతం. 1-0కి 10, 2-1కి 9.

గమనించారా? "ఎవరు గెలుస్తారు" అంటే హోమ్. "స్కోరెంత" అంటే 1-1. రెండు ప్రశ్నలకూ వేర్వేరు జవాబులు. మీ గొడవకీ దీనికీ సంబంధం ఉంది, సాయంత్రం రాస్తా.

ఫార్ పోస్ట్:
హోమ్ అడ్వాంటేజ్ మీద ఒక మాట. అది రాయిమీద గీత కాదు. ఖాళీ స్టేడియాల్లో ఎక్కువ భాగం నడిచిన 2020-21 సీజన్‌లో 380 మ్యాచ్‌లకు హోమ్ గెలుపులు 144, అవే గెలుపులు 153. కాబట్టి పాత సగటును గుడ్డిగా వాడకుండా ఈ సీజన్‌లో ఎలా ఉందో కూడా చూసుకోండి. ఇంకోటి, లైనప్‌లు కిక్-ఆఫ్‌కి కనీసం గంట ముందే వస్తాయి. మీ డెడ్‌లైన్ శుక్రవారం రాత్రి అయితే ఆ సమాచారం ఎవరికీ దక్కదు. మ్యాచ్ మ్యాచ్‌కీ లాక్ అయ్యేలా పెడితే ఖాళీగా ఉన్నవాళ్లకి లాభం. గురువారం యూరప్ టోర్నీలో ఆడొచ్చి ఆదివారం లీగ్ మ్యాచ్‌కి దిగే టీమ్‌లలో ఎవరిని కూర్చోబెడతారో ముందే ఊహించడం కష్టం, తేడా అంతా అక్కడే వస్తుంది.

ఎక్స్‌ట్రా టైమ్:
న్యాయం సంగతికొస్తే, ఇంత టెన్షన్ ఎందుకు బ్రో? అసలు ఫుట్‌బాల్‌లోనే మధ్యలో రూల్స్ మార్చారుగా. 2020లో లాక్‌డౌన్ తర్వాత మ్యాచ్‌లు మళ్లీ మొదలైనప్పుడు సబ్‌స్టిట్యూషన్లు మూడు నుంచి ఐదు చేశారు. అదే సీజన్, అదే టేబుల్, ముప్పావు వంతు మ్యాచ్‌లకి ఒక రూల్, మిగతావాటికి ఇంకో రూల్. ఎవరూ కోర్టుకెక్కలేదు. ఆట రక్తికట్టాలంటే కొన్ని మారాలి. కింద ఉన్న నలుగురు మానేస్తే పైన ఉన్నవాడు ఒంటరిగా ఆడుకుంటాడా?

లెఫ్ట్ బ్యాక్:
ఆ ఉదాహరణ మీ వాదనకే ఎదురు తిరుగుతుంది. ఐదు సబ్‌లు తెచ్చింది ఎవరో వెనకబడ్డారని కాదు. ఆటగాళ్లు నెలల తరబడి ఆడకుండా ఒక్కసారిగా వరస మ్యాచ్‌లలోకి దిగుతున్నారు, గాయాలవుతాయన్న భయంతో. పైగా అంతకుముందు గెలిచిన పాయింట్ల విలువ మారలేదు. పెద్ద స్క్వాడ్ ఉన్న క్లబ్బులకు లాభమన్న ఫిర్యాదు అప్పుడూ వచ్చింది, అందులో నిజముంది. అందుకే 2020-21కి ప్రీమియర్ లీగ్ మళ్లీ మూడుకే వెళ్లింది. ఐదు పక్కాగా వచ్చింది 2022-23లో, అదీ సీజన్ మొదటినుంచి.

మెజారిటీ గురించి అడిగారు కదా. ప్రీమియర్ లీగ్‌లో రూల్ మార్చాలంటే 20 క్లబ్బుల్లో 14 ఒప్పుకోవాలి, పదకొండు చాలవు. ఓడిపోతున్నవాళ్లు ఎప్పుడూ గెలుస్తున్నవాళ్ల కంటే ఎక్కువమందే ఉంటారు, ఏ టేబుల్ తీసుకున్నా అంతే. మామూలు మెజారిటీతో పాయింట్ల రూల్ మార్చొచ్చంటే మొదటి స్థానంలో ఉన్నవాడికి రక్షణే లేదు.

ఫార్ పోస్ట్:
హ్యాండ్‌బాల్ గోల మర్చిపోయారా? 2020 సెప్టెంబరు ఆఖర్లో టోటెన్‌హామ్ మీద న్యూకాజిల్‌కి ఇంజురీ టైమ్‌లో పెనాల్టీ ఇచ్చారు, టోటెన్‌హామ్ డిఫెండర్ ఎరిక్ డయర్ వెనక్కి తిరిగి ఉండగా బంతి చేతికి తగిలిందని. మ్యాచ్ 1-1. నాలుగు రోజులకే హ్యాండ్‌బాల్ రూల్‌ను కాస్త సడలించి చూడమని రిఫరీలకు చెప్పారు. న్యూకాజిల్ పాయింటు వెనక్కి తీసుకోలేదు, టోటెన్‌హామ్‌కి రెండు పాయింట్లు తిరిగివ్వలేదు. ఆ కోపం టోటెన్‌హామ్ ఫ్యాన్స్‌కి ఇప్పటికీ ఉంటుంది. కానీ "ఇక మీదట" అనడం, "ఇంతకుముందు ఆడినవి కూడా" అనడం వేర్వేరు.

పదోనంబర్ జెర్సీ:
మా వాళ్లు కూడా "ఇక మీదట" అనే అంటున్నారు. పాతవి తిరగదోడరట. వచ్చే వారం నుంచి కరెక్ట్ స్కోరుకి 10. అప్పుడు తప్పేంటి?

లెక్కల పిచ్చి:
పొద్దున ఇచ్చిన లెక్కనే కొనసాగిస్తా. అదే మ్యాచ్‌కి ఇప్పటి రూల్‌లో 1-0 అని రాస్తే సగటున 0.64 పాయింటు వస్తుంది. 1-1 అని రాస్తే 0.50. అంటే గెలిచేదెవరో పట్టుకోవడమే ముఖ్యం, స్కోరు కలిస్తే బోనస్. మీ లీడర్ ఇన్ని నెలలూ చేసిన పని బహుశా అదే.

కరెక్ట్ స్కోరుకి 10 పెడితే 1-0కి 1.35, 1-1కి 1.34. దాదాపు సమానం. గెలిచేదెవరో సరిగ్గా తేల్చే నైపుణ్యానికి విలువ పడిపోయింది. ఒక్క స్కోరు కలిస్తే పది ఫలితాలతో సమానం. ఏ స్కోరైనా కలిసే అవకాశం పదింట ఒకటో ఆ చుట్టుపక్కలో కాబట్టి, ఎవరికి కలుస్తుందన్నది చాలావరకు అదృష్టం. "పాతవి ముట్టుకోం" అన్నా పాతవాటి విలువ కరిగిపోతుంది, ఎందుకంటే అప్పటి ఒక్క పాయింటు, ఇప్పటి పది పాయింట్లు ఒకే గంపలో పడుతున్నాయి. సగం పరీక్ష రాశాక మార్కుల స్కీమ్ మార్చినట్టు ఉంటుంది.

ఒక పని చేయండి. ఇప్పటిదాకా జరిగిన మ్యాచ్‌లన్నిటినీ 10 పాయింట్ల లెక్కలో మళ్లీ కట్టి చూడండి. అమలు చేయడానికి కాదు, ఎవరికి ఎంత లాభమో తెలియడానికి.

పదోనంబర్ జెర్సీ:
కట్టి చూశా. లీడర్ మూడోస్థానానికి పడిపోతాడు. మార్చమని గట్టిగా అరుస్తున్న ఇద్దరూ పైకొస్తారు. నేను కూడా రెండోస్థానానికి వస్తున్నా, ఇది ఎవరికీ చెప్పలేదు.

లెఫ్ట్ బ్యాక్:
అయితే చెప్పేయండి. చెప్పి, ఓటు వేయకుండా ఉండండి. గేమ్ నడిపేవాడు, లాభపడేవాడు ఒకరే అయితే మీరు ఏ నిర్ణయం తీసుకున్నా జనం అనుమానంగానే చూస్తారు.

మధ్యలో రూల్ తప్పక కావాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. ముందు ఎవరూ ఊహించనివి. 2019-20లో ఇంగ్లండ్ మూడో అంచె అయిన లీగ్ వన్ సీజన్ మధ్యలో ఆగిపోయింది. క్లబ్బులు ఆడిన మ్యాచ్‌ల సంఖ్య సమానం కాదు. మ్యాచ్‌కి సగటు పాయింట్ల లెక్కన టేబుల్ కట్టాలని ఓటు వేశారు. ఎనిమిదో స్థానంలో ఉన్న వికమ్ వాండరర్స్ మూడుకి ఎగబాకింది, ప్లేఆఫ్ గెలిచి పై అంచె చాంపియన్‌షిప్‌కి వెళ్లిపోయింది. ఆరో స్థానంలో ఉన్న పీటర్‌బరో ఏడుకి జారి ప్లేఆఫే ఆడలేకపోయింది. ఎలా కట్టినా ఎవరో ఒకరు నష్టపోయేవారే. కానీ ఏదో ఒకటి చేయక తప్పని పరిస్థితి అది. మీకు ఆ పరిస్థితి లేదు. మీ రూల్ పనిచేస్తోంది, నచ్చడం లేదంతే.

ఎక్స్‌ట్రా టైమ్:
సరే, ఒప్పుకుంటా. కానీ మనుషులు మానేస్తున్నారన్నది నిజమైన సమస్యే కదా. దానికేం చేస్తారు? న్యాయం నిలబడి గేమ్ చచ్చిపోతే ఎవరికి సుఖం?

ఫార్ పోస్ట్:
నిజమైన ఆటగాళ్లతో ఊహా టీమ్ కట్టి పాయింట్లు తెచ్చుకునే గేమ్ ఉందిగా, ఆ ఫాంటసీ ప్రీమియర్ లీగ్ వాళ్లను చూడండి. 2025-26లో చిప్స్, అంటే ఒక్క వారానికి పనికొచ్చే ప్రత్యేక అవకాశాలు, అన్నిటినీ రెండు సెట్లు ఇచ్చారు, మొదటి సగానికి ఒకటి, రెండో సగానికి ఒకటి. ఆటగాళ్లు కొందరు ఆఫ్రికా కప్‌కి వెళ్లిపోతారు కాబట్టి డిసెంబరులో అదనపు ట్రాన్స్‌ఫర్లు, అంటే టీమ్‌లో ఆటగాళ్లను మార్చుకునే అవకాశాలు, కూడా ఇచ్చారు. ఇవన్నీ సీజన్ మొదలవకముందే చెప్పారు కాబట్టి అందరూ దానికి తగ్గట్టే ప్లాన్ వేసుకున్నారు. మీరు కూడా పెద్ద టేబుల్‌ను పాత రూల్‌తోనే చివరిదాకా నడపండి. పక్కన వచ్చే వారం నుంచి సున్నాతో ఇంకో టేబుల్ తెరవండి. అందులో కరెక్ట్ స్కోరుకి 10 పెట్టుకోండి, 20 పెట్టుకోండి. అయితే రెండు టేబుళ్లకీ ఒకటే అంచనా వాడతారా, వేర్వేరా అన్నది తేల్చుకోవాలి. ఒకటే అయితే లీడర్ మళ్లీ ఇరుక్కుంటాడు. పెద్ద టేబుల్‌కి 1-0 రాయాలి, చిన్నదానికి 1-1 రాయాలనిపిస్తుంది.

లెక్కల పిచ్చి:
వేర్వేరుగానే పెట్టండి. వారానికి ఇంకో పది స్కోర్లు రాయడం పెద్ద పనేం కాదు.

ఇంకో చిక్కు, దీన్ని ఇప్పుడే రూల్‌గా రాసి పెట్టుకోండి. 2023 డిసెంబరు 16న బోర్న్‌మత్, లూటన్ మ్యాచ్ 1-1 వద్ద ఉండగా లూటన్ కెప్టెన్ టామ్ లాకియర్ గుండె ఆగి మైదానంలో కూలిపోయాడు. అదృష్టవశాత్తూ బతికాడు. మ్యాచ్ ఆపేశారు. 2024 మార్చిలో మళ్లీ మొదటి నిమిషం నుంచి ఆడించారు. లూటన్ 3-0 ఆధిక్యంలో ఉండి 4-3తో ఓడింది. ఆ వారం 1-1 అని రాసినవాడికి పాయింట్లు ఇస్తారా? మార్చిలో కొత్తగా రాసుకోనిస్తారా, డిసెంబరు అంచనాకే కట్టుబడమంటారా? ఏది రాసినా తప్పు కాదు. మ్యాచ్ జరిగాక రాస్తేనే గొడవ.

పదోనంబర్ జెర్సీ:
నా లెక్క అందరి ముందూ పెట్టేశా. కాసేపు అరుపులయ్యాక రెండో టేబుల్‌కి అందరూ ఒప్పుకున్నారు, లీడర్‌తో సహా. ఆయన రెండింట్లోనూ గెలుస్తానంటున్నాడు, చూద్దాం. రాసుకున్న రూల్స్ ఇవి, ఏమైనా లోపముంటే చెప్పండి: ఆడిన మ్యాచ్‌ల పాయింట్లు ఏ కారణంతోనూ మారవు. స్కోరింగ్ మార్పు ఏదైనా తర్వాతి సీజన్ నుంచే. వాయిదా పడినా, మధ్యలో ఆగి మళ్లీ మొదటినుంచి ఆడినా పాత అంచనా రద్దు, కొత్త తేదీకి కొత్తది రాయాలి. రూల్స్‌లో లేని సందర్భం వస్తే మూడింట రెండు వంతుల ఓటు. ప్రతి మ్యాచ్‌కీ కిక్-ఆఫ్ వేళకి లాక్.

ఫార్ పోస్ట్:
బాగుంది. కిక్-ఆఫ్ వేళ ఏ టైమ్‌లోనో కూడా రాయండి. బ్రిటన్‌లో మార్చి, అక్టోబరు నెలల ఆఖరి ఆదివారాల్లో గడియారాలు గంట మారతాయి. వేరే దేశాల్లో ఉన్నవాళ్లు ఎవరైనా మీ గ్రూపులో ఉంటే ఆ ఆదివారం "నాకింకా గంట టైముంది" అని ఒకరు తప్పక వస్తారు.