తమ్ముడు హెచ్ఐవీ మాత్రలు మధ్యమధ్యలో మానేస్తున్నాడు, నిజంగా మతిమరుపేనా?

తమ్ముడి_అక్క:
మా తమ్ముడికి హెచ్ఐవీ అని తెలిసి రెండేళ్లయింది. రోజుకు ఒకటే మాత్ర. టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యుటెగ్రావిర్ మూడూ కలిసి ఉన్నది. మొదటి ఏడాది వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క, పరీక్షకు అందనంత తగ్గింది. మొన్న మళ్లీ పెరిగింది. అడిగితే "మర్చిపోయాను అక్కా" అంటాడు. ఫోన్‌లో అలారం పెట్టించాను, రోజుకో గడి ఉండే వారం మాత్రల డబ్బా కొనిచ్చాను. అయినా నెలాఖరుకు తొమ్మిది మాత్రలు మిగిలాయి. ఈమధ్యే ఉద్యోగం మారి, ఇంకో ముగ్గురితో ఒకే గదిలో ఉంటున్నాడు. గట్టిగా అడిగితే నాతో మాట్లాడటమే మానేస్తాడేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

పొద్దుటి_మాత్ర:
అక్కా, ఆ గది సంగతి మీరు ఊరికే రాసినట్టున్నారు గానీ, నాకు జవాబు అక్కడే కనిపిస్తోంది. నేను పదకొండేళ్లుగా మందులు వాడుతున్నాను. మాత్ర సంగతి ఏ రోజూ మర్చిపోలేదు, వేసుకోవడానికి చాటు దొరకక మానేశాను. హాస్టల్లో సీసా కదిలితే గలగలమంటుందని లోపల దూది కుక్కేవాణ్ణి. లేబుల్‌ని నానబెట్టి గోటితో గీకేసేవాణ్ణి. ఒకరోజు రూమ్మేట్ "రోజూ తొమ్మిదింటికి ఏంట్రా ఆ అలారం?" అన్నాడు. మామూలుగానే అడిగాడు పాపం. ఆ రాత్రే అలారం తీసేశాను, ఆ వారంలో మూడు రోజులు మాత్ర వేసుకోలేదు. డాక్టర్ దగ్గర నేనూ "మర్చిపోయాను" అనే చెప్పాను. నోటికి తేలిగ్గా వచ్చే మాట అదొక్కటే.

అప్పట్లో నాది ఎఫావిరెంజ్ ఉన్న మందు. రాత్రంతా పిచ్చి కలలు, పొద్దున లేస్తే తల తిరగడం. తర్వాత డోల్యుటెగ్రావిర్‌కి మార్చినప్పుడు కౌన్సెలర్ మేడమ్ నన్ను ఒకటే అడిగారు: "రోజులో నీ చుట్టూ ఎవరూ లేని ఐదు నిమిషాలు ఎప్పుడు?" స్నానానికి వెళ్లేముందు అన్నాను. అప్పటినుంచి మాత్ర కూడా అప్పుడే.

ఎన్ని మానేశావని అడగకండి. మాత్రలు ఎక్కడ పెట్టుకుంటున్నావని అడగండి.

మళ్లీ_మొదలు:
నా విషయంలో భయం కాదు, బాగైపోయానన్న నమ్మకం. బరువు పెరిగాను, జ్వరాలు పోయాయి, ఇంకెందుకని మానేశాను. వైరస్ ఒంట్లోనే దాగి ఉంటుందని, మందు ఆపితే మళ్లీ లేస్తుందని అప్పుడు బుర్రకెక్కలేదు.

ఏఆర్‌టీ_కౌన్సెలర్:
ఇవన్నీ మేం రోజూ వినేవే. మనసు బాగోకపోవడం, తాగుడు కూడా కారణాలే, కాబట్టి అవీ మెల్లగా కనుక్కోండి. మాత్ర టైమ్ మార్చుకోవచ్చు, డాక్టర్‌తో ఒక మాట చెబితే చాలు. ఒకరోజు తప్పిందని మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదు. గ్యాస్‌కి యాంటాసిడ్ ఏమైనా వాడుతున్నాడా? దానికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో డోల్యుటెగ్రావిర్ వేసుకోవాలి. లేకపోతే మందు ఒంటికి సరిగ్గా పట్టదు. మూడు నెలలు క్రమం తప్పకుండా వాడాక వైరల్ లోడ్ మళ్లీ చూస్తారు. అప్పటికీ తగ్గకపోతే, వైరస్ మందుకు లొంగడం లేదేమో చూడాల్సి వస్తుంది. వైరల్ లోడ్ (మిల్లీలీటరు రక్తంలో వైరస్ కాపీలు) 200 లోపే నిలిచి ఉంటే లైంగికంగా ఇంకొకరికి సోకదని కూడా అతనికి చెప్పండి. ఆ మాట విన్నాక చాలామంది ముఖంలో మార్పు చూశాను.

తమ్ముడి_అక్క:
రాత్రి ఫోన్ చేశాను. మాత్రలు ఎక్కడ పెట్టుకుంటున్నావురా అని మాత్రమే అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పాత షూలో అక్కా. గదిలో ఎవరూ లేనప్పుడే తీయగలను" అన్నాడు. సోమవారం ఇద్దరం కలిసి కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాం.