చెవి కాలువలో క్యాన్సర్: ముందు ఆపరేషనా, రేడియేషనా?

గోరింట:
మా మామయ్యగారికి చాలాకాలంగా కుడి చెవిలోంచి చీము కారుతోంది. ఇన్ఫెక్షనే అనుకుని చుక్కల మందు వేస్తూ వచ్చారు. నొప్పి తగ్గకపోగా రక్తం కనిపించేసరికి బయాప్సీ చేశారు. స్క్వామస్ సెల్ కార్సినోమా (చర్మం పై పొర కణాల్లో పుట్టే క్యాన్సర్) అని తేలింది. సీటీలో కాలువ ఎముక కొద్దిగా తినేసినట్టుంది, టీ2 (గడ్డ ఎంత పాకిందో చెప్పే మెట్లలో రెండోది) అన్నారు. డాక్టరేమో ఆపరేషన్ అంటున్నారు. మామయ్యగారు వినికిడి పోతుందని భయపడి, రేడియేషన్ చాలని పట్టుబట్టారు. మీరేమంటారు?

నీలిమేఘం:
నేను ఆయన పక్షమే. చెవి దొప్ప మీద వచ్చిన క్యాన్సర్ రేడియేషన్‌తో నయమైనవాళ్లు ఉన్నారు కదా. పెద్దాయన్ని గంటల తరబడి మత్తులో ఉంచడం, ముఖ నరానికి దెబ్బ తగిలితే మూతి వంకరపోవడం... ఇంత రిస్క్ ఎందుకండీ?

పాతపోస్టు:
దొప్పనీ కాలువనీ ఒకే గాటన కట్టకండి. దొప్ప మీదిది ఎక్కువగా ఎండ తగిలే చర్మంలో పుట్టేది, కంటికి కనిపిస్తుంది. మోస్ పద్ధతిలో పొరలు పొరలుగా తీస్తూ, అంచులు శుభ్రమయ్యాయో లేదో అప్పటికప్పుడే మైక్రోస్కోపులో చూసుకుంటారు. కాలువలోది ఏటా పది లక్షల మందిలో ఒకరికి వచ్చేంత అరుదు. పక్కనే దవడ కీలు, పరోటిడ్ అనే లాలాజల గ్రంథి. ఎముకలోకి దిగాక రేడియేషన్ ఒక్కదాన్నే నమ్ముకోవడం కష్టం.

టీ2కి సాధారణంగా చేసే ఆపరేషన్‌లో కాలువను చుట్టూ ఉన్న ఎముకతో సహా, కర్ణభేరి, దాని వెనకుండే చిన్న ఎముకలు మాలియస్, ఇంకస్‌తో కలిపి ఒకే ముక్కగా తీస్తారు. ముఖ నరాన్నీ లోపలి చెవినీ ముట్టుకోరు. శబ్దం వెళ్లే దారి పోతుందంతే, వినే నరం ఉంటుంది. అందుకే తర్వాత ఎముక ద్వారా శబ్దం పంపే పరికరం పనిచేస్తుంది. రేడియేషన్ లోపలి చెవిని దెబ్బతీస్తే వచ్చేది నరాల చెవుడు, అది తిరిగిరాదు.

నీలిమేఘం:
ఆపరేషన్ చేశాక కూడా రేడియేషన్ ఇస్తారుగా! మరి రెండు బాధలూ ఎందుకు?

పాతపోస్టు:
అందరికీ ఇవ్వరు. టీ1 అయి అంచులు శుభ్రంగా ఉంటే మానేయొచ్చు. అంచుల్లో మిగిలినా, మెడ గ్రంథుల్లో కనిపించినా, నరం వెంట పాకినా మాత్రం ఇస్తారు, సుమారు 60 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), ఆరు వారాలు. ముందే రేడియేషన్ ఇచ్చి అది ఫెయిలైతే, ఆ ఎముక మీద ఆపరేషన్ చేస్తే గాయం మానడమే గగనం.

వాకిలి:
పాతపోస్టు గారు మరీ తీర్పు చెప్పేస్తున్నారు. జబ్బు అరుదు కాబట్టి ఈ రెండు దారుల్నీ నేరుగా పోల్చిన పెద్ద ట్రయల్స్ లేవు. మెదడుకి రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనినో మెదడునో చుట్టేస్తే చాలాసార్లు ఆపరేషన్ కుదరదు, కీమోతో కలిపి రేడియేషనే. ఆ కీమోలో వాడే సిస్‌ప్లాటిన్ కూడా వినికిడిని తగ్గిస్తుంది, అది వేరే తలనొప్పి. చేయి దాటిన చర్మపు స్క్వామస్ క్యాన్సర్‌కి అమెరికాలో 2018లో అనుమతి పొందిన సెమిప్లిమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) ఉంది గానీ, టీ2లో ముందుగా ఆలోచించేది అది కాదు. గోరింట గారూ, ఎమ్మారై తీశారా? మెడ చూశారా? సర్జన్, రేడియేషన్ డాక్టర్ కలిసి కూర్చుని చెప్పారా, ఒక్కరి మాటేనా?

గోరింట:
సీటీ ఒక్కటే అయింది, రేడియేషన్ డాక్టర్ని ఇంకా కలవలేదు. ఆయన్నీ మామయ్యగారినీ ఎదురెదురుగా కూర్చోబెడతాను. నరాల చెవుడు సంగతి నేను చెబితే ఆయన నమ్మరు.