మూడు హైడ్రాలిక్ వ్యవస్థలు ఉన్న విమానంలో మూడూ ఒకేసారి ఎలా పోతాయి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను మెకానికల్ ఇంజినీరింగ్ విద్యార్థిని. పెద్ద విమానాల్లో దేని పంపు, దేని నూనె దానికే ఉన్న మూడు హైడ్రాలిక్ వ్యవస్థలు (నూనె ఒత్తిడితో విమానం కదిలే భాగాలను తిప్పేవి) ఉంటాయని, ఒకటి చెడినా మిగిలినవి పని నడిపిస్తాయని తరగతిలో చెప్పారు. అయితే 1989 జులై 19న అమెరికాలోని సూ సిటీలో కూలిన యునైటెడ్ 232 విమానంలో మూడూ పోయాయని చదివాను. అది ఎలా జరిగిందో తెలిసినవారు వివరించగలరా?

మొదటి జవాబు:
ఇంజిన్ తిప్పే పంపు నూనెను చదరపు అంగుళానికి 3,000 పౌండ్ల ఒత్తిడికి, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 210 కిలోలకు తెస్తుంది. ఆ ఒత్తిడి 50 చదరపు సెంటీమీటర్ల పిస్టన్ మీద పడితే పదిన్నర టన్నుల బలం పుడుతుంది కనుకనే, ఎదురుగాలిని తట్టుకుంటూ తోక మీది రడ్డర్ (విమానాన్ని పక్కలకు తిప్పే పలక), ఎలివేటర్లు (ముక్కును పైకీ కిందికీ తిప్పే పలకలు) కదులుతాయి. గొట్టం తెగితే మాత్రం అదే ఒత్తిడి నూనెను బయటికి తోసేస్తుంది. నూనె లేని పంపు ఎంత మంచిదైనా పనికిరాదు.

మీరు చెప్పిన యునైటెడ్ విమానం డీసీ-10 రకం. దానిలో రెండో ఇంజిన్ తోకలో ఉంది. ఆ ఇంజిన్ ముందరి ఫ్యాన్ డిస్కు (ఫ్యాన్ రెక్కలు బిగించే చక్రం) టైటానియంతో చేసినది. లోహం తయారీలోనే మిగిలిపోయిన లోపం దగ్గర పగులు మొదలై, తనిఖీల్లో ఎవరి కంటా పడకుండా పెరిగి, చివరికి ఆకాశంలో డిస్కు బద్దలైంది. రెండో వ్యవస్థ గొట్టాలు ఇంజిన్ దగ్గరే పోయాయి. ఎగిరిపడిన ముక్కలు తోక కుడి రెక్కలోని ఒకటో, మూడో వ్యవస్థల గొట్టాలను కోసేశాయి. పంపులు వేరు, నూనె వేరు, కానీ గొట్టాలన్నీ తోకకే చేరాలి. నా దృష్టిలో అసలు బలహీనత ఆ ఇరుకు చోటే.

రెండో జవాబు:
పై మిత్రుడి మాటకు 1985 ఆగస్టు 12 నాటి జపాన్ ఎయిర్‌లైన్స్ 123 విమాన ప్రమాదం మరో సాక్ష్యం. 1978లో తోక నేలకు తగిలినప్పుడు వెనుక ప్రెషర్ బల్క్‌హెడ్‌కు (క్యాబిన్ గాలిని లోపల ఆపే వెనుక గోడకు) చేసిన మరమ్మతులో, రెండు వరుసల రివెట్లు మోయవలసిన భారం ఒక్క వరుస మీద పడింది. ఏడేళ్లకు అది చీలి, దూసుకొచ్చిన క్యాబిన్ గాలికి నిలువు తోక చాలావరకు ఊడిపోయి, నాలుగు హైడ్రాలిక్ వ్యవస్థలూ ఖాళీ అయ్యాయి. 524 మందిలో నలుగురే మిగిలారు.

ప్రశ్న అడిగినవారు:
వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. అలాంటప్పుడు ఐదో వ్యవస్థ పెట్టినా ఉపయోగం లేదా?

మూడో జవాబు:
అదే దారిలో గొట్టం వేస్తే ఉపయోగం ఉండదండీ. సూ సిటీ తరువాత డీసీ-10 మూడో వ్యవస్థలో, ట్యాంకులో నూనె మట్టం పడిపోగానే తోకకు వెళ్లే దారిని మూసేసే వాల్వు అమర్చారు. తోక వైపు నూనె పోయినా రెక్కల మీది ఐలెరాన్లకు (విమానాన్ని పక్కకు వంచే పలకలకు) కొంత మిగులుతుంది. ఎయిర్‌బస్ ఏ380లో ఇంకొక అడుగు ముందుకు వేసి, రెండు హైడ్రాలిక్ వ్యవస్థలకు తోడుగా, సొంత చిన్న పంపు, సొంత నూనె గల విద్యుత్ యాక్చుయేటర్లు (పలకలను కదిలించే పరికరాలు) పెట్టారు. వాటికి వెళ్లేది తీగే కాబట్టి ఒక గొట్టం తెగితే అన్నీ ఖాళీ అయ్యే ప్రమాదం లేదు.

ఒక్క మాట. యునైటెడ్ 232 కెప్టెన్ అల్ హేన్స్ బృందం రెక్కల కింది రెండు ఇంజిన్ల జోరును హెచ్చిస్తూ తగ్గిస్తూ దాదాపు 44 నిమిషాలు ఆ విమానాన్ని నడిపి రన్‌వే దాకా తెచ్చింది. 296 మందిలో 184 మంది బతికారు.