రోము నుంచి ఒర్వియేతోకు రైలులో ఒక్కరోజు ప్రయాణం: సలహా కావాలి

వచ్చే వసంతంలో మా అమ్మగారితో కలిసి కొన్నాళ్లు రోములో ఉండబోతున్నాను. అందులో ఒక రోజు ఉంబ్రియా ప్రాంతంలోని కొండ పట్టణం ఒర్వియేతోకు రైలులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలని మా ఆలోచన. రోము ప్రధాన రైల్వే స్టేషన్ రోమా తెర్మిని నుంచి ప్రాంతీయ రైలులో సుమారు గంటన్నర పడుతుందనీ, ఊరు నిటారైన రాతి గుట్ట మీద ఉన్నందున స్టేషన్ ఎదుటే ఫ్యునికులర్ (తాడుతో లాగే కొండ రైలు) ఎక్కి పైనున్న పియాజ్జా కాహెన్ అనే కూడలికి చేరవచ్చుననీ చదివాను.

1290లో కట్టడం మొదలైన కతీడ్రల్‌ను, అందులో లూకా సిన్యొరెల్లి చిత్రించిన శాన్ బ్రిజియో చాపెల్‌ను తీరిగ్గా చూడటమే మా ముఖ్యోద్దేశం. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు పియాజ్జా కాహెన్ నుంచి అక్కడికి నడవగలరా, లేక చిన్న బస్సు ఎక్కడం మేలా?

దిగేవారూ ఎక్కేవారూ ఎదురుపడకుండా రెండు వేర్వేరు మెట్ల వరుసలతో 16వ శతాబ్దంలో తవ్విన సెయింట్ పాట్రిక్ బావిని చూడాలని నాకు చాలా ఆశగా ఉంది. అయితే 248 మెట్లు దిగి మళ్లీ అన్నీ ఎక్కాలి కనుక నేనొక్కడినే వెళ్లాలి. అంతసేపు అమ్మగారు నీడన కూర్చునే చోటు దగ్గరలో ఉందా? నీళ్లు మోసిన గాడిదలకు కూడా ఆ మెట్లే దారి కాబట్టి అవి అంత నిటారుగా ఉండవేమో!

ఆదివారం ఉదయం ప్రార్థనల వల్ల చాపెల్ సందర్శనకు అడ్డంకి ఉంటుందా? అదే రోజు దగ్గరలోని మరో కొండ ఊరు చివితా ది బాన్యొరేజొను కూడా కలుపుకోమని కొందరు అంటున్నారు గానీ నాకది అత్యాశగానే తోస్తోంది. పెద్దవారితో వెళ్లి వచ్చినవారి అభిప్రాయం తెలుపగలరు.