కౌన్సిల్ మీటింగులకు ఎప్పుడూ అదే పదిమంది, మిగతా జనాన్ని రప్పించేదెలా?

కుర్చీలు సర్దేవాడు అడుగుతున్నారు:

అందరికీ నమస్తే. నేను ఒక స్థానిక కౌన్సిల్ ఆఫీసులో పనిచేస్తాను. ఏ కౌన్సిలో చెప్పను, ఉద్యోగం ఉండాలి కదా. జనంతో సమావేశాలు పెట్టడం, వాళ్లు చెప్పింది రాసి పైకి పంపడం నా పని. మూడు నెలలకోసారి పెద్ద హాల్లో మీటింగ్ పెడతాం. వేదిక మీద ఛైర్‌పర్సన్, కౌన్సిలర్లు, ఇంజనీరు. కింద కుర్చీలు వరసగా వేస్తాం, నిండేవి ముందు రెండు వరసలే, అందులోనూ ప్రతిసారీ కనిపించే మొహాలే. ఒకాయన మైకు పట్టుకున్నారంటే ఇక వదలరు, తన ఇంటి ముందు డ్రైనేజీతో మొదలుపెట్టి పాలకవర్గాన్ని కడిగేసేదాకా వెళ్తారు, ఎవరైనా అడ్డొస్తే గొడవ. అద్దెకుండేవాళ్లు, కాలేజీ పిల్లలు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, చిన్నపిల్లలున్న తల్లులు అసలు కనిపించరు.

ఫ్లెక్సీలు, కరపత్రాలు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ అయ్యాయి. జనానికి పట్టదని పైవాళ్లు తేల్చేశారు. నాకు అలా అనిపించడం లేదు, ఎందుకంటే ఒక పార్కు గేటుకు తాళం వేస్తే సాయంత్రానికల్లా అదే జనం ఆఫీసు ముందుంటారు. మరి మీటింగ్‌కు ఎందుకు రారు? ఇలాంటివి నడిపినవాళ్లు, వెళ్లి విసిగిపోయినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

వెనక బెంచీ:

విసిగిపోయిన బ్యాచ్ తరఫున నేను. మా దగ్గర రోడ్డు వెడల్పు చేసేటప్పుడు అభిప్రాయాలు చెప్పమని పిలిచారు. వెళ్లి చూస్తే గోడ మీద రంగుల మ్యాప్ రెడీగా ఉంది, టెండరు కూడా అయిపోయింది. ఒకావిడ లేచి మరి బస్టాప్ ఎక్కడికి పోతుందని అడిగితే "నోట్ చేసుకున్నామమ్మా" అన్నారు. ఆ నోట్ చేసుకోవాల్సిన మనిషి ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ తర్వాత నేనెందుకు వెళ్తాను చెప్పండి.

షెర్రీ ఆర్న్‌స్టైన్ అనే అమెరికన్ 1969లోనే దీని గురించి ఒక వ్యాసం రాశారు. ప్రజల భాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనగా వేసి చూపించారు, అడుగున జనాన్ని మాయచేసి ఒప్పించడం, పైన నిర్ణయాన్నే వాళ్ల చేతికివ్వడం. మీరు చేసే అభిప్రాయసేకరణ కింది నుంచి నాలుగో మెట్టు. దాన్ని ఆవిడ మొక్కుబడి కిందే లెక్కేశారు, ఎందుకంటే వింటారు సరే, విన్నది పట్టించుకుంటారన్న హామీ అందులో ఎక్కడా లేదు. జనానికి పట్టక కాదండీ, లెక్క చూసుకునే మానేస్తున్నారు. పార్కు దగ్గరికి వచ్చి అరిస్తే తాళమైనా తీస్తారు. మీ హాలుకు వస్తే ఏం తీస్తారు?

మినిట్స్ రాసే మనిషి:

నేనూ మీలాంటి ఉద్యోగమే. వెనక బెంచీ గారు చెప్పింది నిజమే కానీ సగమే, ఎందుకంటే ఆ హాలు అలాగే ఉంచి అధికారం ఒక్కటి ఇస్తే అదే పదిమంది దాన్ని కూడా ఎత్తుకుపోతారు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఇళ్ల నిర్మాణం మీద జరిగిన మీటింగుల మినిట్స్ తీసి, మాట్లాడినవాళ్ల పేర్లను ఓటర్ల జాబితాతో పోల్చి చూశారు పరిశోధకులు. తేలిందేంటంటే మాట్లాడేవాళ్లలో వయసు పైబడినవాళ్లు, మగవాళ్లు, సొంతిల్లున్నవాళ్లు ఊళ్లో ఉన్న లెక్క కంటే చాలా ఎక్కువ, పైగా వాళ్లలో అత్యధికులు కొత్త ఇళ్లు కట్టొద్దనేవాళ్లే. కొత్త ఇల్లు అవసరమైనవాడు ఆ హాల్లో లేడు, అసలు ఆ ఊరికి ఇంకా వచ్చి కూడా ఉండకపోవచ్చు. కాబట్టి వచ్చినవాళ్ల మాటే ప్రజల మాట అనుకుంటే మోసపోతాం.

నా సలహా, ముందు ఆ వేదిక తీసేయండి. ఆరేడుగురు కూర్చునే బల్లలు వేసి, ప్రతి బల్ల మీద వాళ్ల వీధులు కనిపించే పెద్ద మ్యాప్, నాలుగు పెన్సిళ్లు పెట్టండి. మైకు వద్దు. మైకు ఉంటే మనిషి ఉపన్యాసమే ఇస్తాడు, పెన్సిల్ ఇస్తే చూపిస్తాడు. మా దగ్గర ఒక పెద్దావిడ బల్ల దగ్గర గంటసేపు ఏమీ మాట్లాడలేదు, చివర్లో పెన్సిల్ తీసుకుని తన ఇంటి నుంచి ఆసుపత్రికి తను నడిచే దారి గీసింది. మా ఇంజనీరు వేసిన ఫుట్‌పాత్ ఒక్క చోట కూడా ఆ గీతను తాకలేదు. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. అదే మైకు పెట్టుంటే ఆవిడ నోరు తెరిచేదే కాదు.

ప్రతి బల్లకూ మీ ఆఫీసు నుంచి ఒకరు ఉండాలి, వాదించడానికి కాదు, రాసుకోవడానికి. కౌన్సిలర్లు కూడా బల్లల దగ్గరే కూర్చుని వినాలి, మొదటి అరగంట నోరు విప్పకూడదు (ఇది ఒప్పించడమే అన్నిటికన్నా కష్టం, ముందే చెప్తున్నా). కేరళలో 1996లో ప్రజాప్రణాళిక (ఊళ్లో ఏ పనులు కావాలో జనంతోనే తేల్పించే కార్యక్రమం) మొదలుపెట్టినప్పుడు గ్రామసభలను ఇలాగే అంశాలవారీగా చిన్న గుంపులుగా విడదీశారు, పనిచేసుకునేవాళ్లు రావాలని సెలవు రోజుల్లో పెట్టారు. అప్పటికి ఫ్లెక్సీలూ లేవు, వాట్సాపూ లేదు.

ఇంకోటి, హాలు బుక్ చేసే ముందు అసలు హాలు కావాలా అని ఆలోచించండి. బస్టాప్, లైబ్రరీ, స్కూలు వదిలే టైముకి గేటు ముందు, ఇలా జనం ఎలాగూ నిలబడే చోటికి మీరే ఒక బల్ల పట్టుకెళ్లొచ్చు. అక్కడ మాట్లాడినవాళ్లలో కొందరు తర్వాత హాలుకు కూడా వస్తారు, ఎందుకంటే అప్పటికి మీరు తెలిసిన మనిషి.

కుర్చీలు సర్దేవాడు:

బల్లల ఐడియా బాగుంది. కానీ రెండు సమస్యలు. ఒకటి, ఆ పదిమందిని ఏం చేయను? వాళ్లను పక్కన పెట్టారని వాళ్లకు తోచిందంటే నా పని అయిపోయినట్టే. రెండు, నిర్ణయం నా చేతిలో ఉండదు, ఛైర్‌పర్సన్ చేతిలో కూడా పూర్తిగా ఉండదు. ఏమీ ఇవ్వలేనప్పుడు పిలవడమే తప్పా?

చీటీ తీయండి:

మీరు పిలవకుండా చీటీ తీయండి. ఐర్లాండ్‌లో 2016లో మొదలైన పౌరసభలో 99 మంది మామూలు పౌరులను, వయసు, ప్రాంతం, ఆడామగా అన్నీ దేశ జనాభాకు సరిపోయేలా చూసి ర్యాండమ్‌గా ఎంచుకున్నారు. అబార్షన్ లాంటి మంట పుట్టించే విషయాన్ని వాళ్లు వారాంతాల్లో కూర్చుని నిపుణులను ప్రశ్నిస్తూ చర్చించి, నిషేధం సడలించాలన్నారు, 2018 రెఫరెండంలో దేశమంతా ఓటేసినప్పుడు కూడా దాదాపు అటే వెళ్లింది. బెల్జియంలో జర్మన్ మాట్లాడే ప్రాంతంలోనైతే 2019 నుంచి ఇలా చీటీతో వచ్చిన 24 మందితో శాశ్వత మండలే ఉంది, ఏ విషయం మీద పౌరసభ పెట్టాలో వాళ్లే నిర్ణయిస్తారు. ఎవరు గట్టిగా అరుస్తారన్న ప్రశ్నే రాదు.

వెనక బెంచీ:

వీధి దీపానికి కూడా చీటీలు తీస్తామా సార్? నెలల తరబడి నడిచే వ్యవహారం అది, మనుషుల్ని వెతకాలి, వాళ్ల సమయానికి డబ్బివ్వాలి. ఊరంతా రెండుగా చీలే విషయం వస్తే సరే, వీధి సంగతులకు మినిట్స్ గారి బల్లలే నయం.

మినిట్స్ రాసే మనిషి:

ఆ పదిమందిని దూరం పెట్టకండి, పని అప్పజెప్పండి. ఏ కాలువ ఎటు పారుతుందో, పాత ఫైలు ఏ బీరువాలో ఉందో మీ ఇంజనీరు కంటే వాళ్లకే బాగా తెలుసు. ఒక్కొక్కరిని ఒక్కో బల్లకు పంపండి, అందరూ ఒకే బల్ల దగ్గర చేరకుండా చూడండి. మైకు వదలని ఒకాయన గురించి మీరు చెప్పారు చూశారా, ఆయనతో మీటింగ్‌కు ముందే విడిగా కూర్చుని డ్రైనేజీ సంగతి పూర్తిగా వినండి. బహుశా ఆయన గొంతు పెంచేది ఆ సమస్య ఎవరూ ముగించకపోవడం వల్లే.

రెండో ప్రశ్నకు జవాబు: తప్పు కాదు, కానీ ఏం మార్చగలరో ఏం మార్చలేరో మొదటి అయిదు నిమిషాల్లోనే చెప్పేయాలి. "రోడ్డు పడుతుంది, అది ఖాయం. బస్టాప్ ఎక్కడ, చెట్లు ఏ వైపు, పని ఏ నెలలో, ఈ మూడూ మీరు చెప్పేదాన్ని బట్టే." ఇలా అంటే జనం కోప్పడతారు, అయినా కూర్చుంటారు. అన్నీ మీ ఇష్టమే అని చెప్పి తర్వాత చేతులెత్తేస్తేనే మళ్లీ రారు.

డబ్బు సంగతి:

పై చర్చంతా చదివాను, డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరంలో 1989లో కొత్త పనుల బడ్జెట్‌ను పేటల సభలకు తెచ్చారు. ఏ పేటకు ముందు మురుగుకాలువ, ఏ పేటకు ముందు రోడ్డు అన్నది సభల్లో తేలేది, అందుకే పేదల పేటల నుంచి జనం పెద్ద ఎత్తున వచ్చారు. అక్కడ మైకు ఎవరి చేతిలో ఉందన్నది రెండో విషయం, వస్తే కాలువ వచ్చేది. అదే నగరంలో పాలకులు మారాక డబ్బు తగ్గింది, చివరికి 2017లో ఆపేశారు కూడా. కాబట్టి మీ ఛైర్‌పర్సన్‌ను అడగండి, వార్డుకు ఎంతో కొంత, చిన్న మొత్తమైనా సరే, సభ చెప్పినట్టే ఖర్చు పెడతామని తీర్మానం చేయిస్తారా అని. నోటిమాట వద్దు, తీర్మానమే కావాలి.

కుర్చీలు సర్దేవాడు:

తీర్మానం సంగతి అడుగుతాను, కౌన్సిల్‌లో పాస్ అవుతుందో లేదో చూడాలి. ఈలోపు నా చేతిలో ఉన్నవి చేస్తా: వచ్చే మీటింగ్‌కు వేదిక తీసేయించడం, బల్లలు, మ్యాపులు, అంతకు ముందు వారం స్కూలు గేటు దగ్గరా బస్టాప్ దగ్గరా కూర్చోవడం. ఇంజనీరు గారు బల్ల దగ్గర కూర్చోవడానికి ఒప్పుకున్నారు, కౌన్సిలర్లలో ఇద్దరే ఒప్పుకున్నారు.

వెనక బెంచీ:

మీటింగ్ అయ్యాక ఏం చేస్తారో చెప్పలేదు. నెలలోపు ఒక పేజీ కాగితం, ఎవరు ఏం అడిగారు, ఏది అవుతుంది, ఏది కాదు, కాకపోతే ఎందుకు, ఏ అధికారి చూస్తున్నారు. ఆఫీసు నోటీసు బోర్డు మీద కాదు, ఆ బస్టాప్‌లోనే అంటించండి. కాదు అన్నవి కూడా దాచకుండా రాయండి. మా రోడ్డు మీటింగ్‌లో బస్టాప్ గురించి అడిగినావిడకు ఈరోజుకీ అవునో కాదో ఎవరూ చెప్పలేదు.