క్యూట్రిట్ ఎర్రర్ కరెక్షన్ చేసి చూసినవాళ్లు ఉన్నారా?

పెన్నా_ఒడ్డు (నెల్లూరు):
ఎంఎస్సీ ప్రాజెక్టు క్యూడిట్ల మీద తీసుకున్నా. క్వాంటమ్ బిట్ అయిన క్యూబిట్‌కి రెండు స్థాయులు, క్యూడిట్‌కి అంతకన్నా ఎక్కువ; మూడుంటే క్యూట్రిట్. రెండు స్థాయుల బదులు మూడో నాలుగో వాడితే తప్పులు సరిదిద్దడం తేలికా, కష్టమా? ఏ కోడ్‌తో మొదలుపెట్టాలి? ల్యాప్‌టాప్ సరిపోతుందా?

చీమకుర్తి_రాయి:
ల్యాప్‌టాప్ సంగతి నన్నడుగు తమ్ముడూ. ఐదు క్యూట్రిట్ల కోడ్, తప్పు ఎక్కడుందో చెప్పే సిండ్రోమ్ కొలతకి మరో నాలుగు, మొత్తం తొమ్మిది. 3ని తొమ్మిదిసార్లు హెచ్చిస్తే 19,683. తప్పుల అవకాశాలన్నీ కలిపి రాసే డెన్సిటీ మాట్రిక్స్ పెట్టానా, దాని వర్గం 38 కోట్ల పైచిలుకు. ఒక్క మాట్రిక్స్‌కే 6 జీబీ. నాది 8 జీబీ మెషీన్, రాత్రి రెండింటికి మౌస్ కూడా కదల్లేదు. వారం పని పోయింది.

ఒంగోలు_గిత్త:
నాలుగు స్థాయులంటే రెండు క్యూబిట్లే కదా. కొత్తేముంది ఇందులో?

కావలి_మాస్టారు:
తప్పు. ఇరవై ఏళ్లుగా క్వాంటమ్ మెకానిక్స్ చెబుతున్నా, ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. విడివిడిగా రెండు క్యూబిట్లుంటే ఒకటి చెడినా రెండోది మిగులుతుంది. ఒకే వస్తువులో పెడితే ఒక్క దెబ్బకి రెండూ పోవచ్చు. స్థితుల లెక్క ఒకటే అయినంత మాత్రాన తప్పుల తీరు ఒకటి కాదు. 2025లో యేల్ యూనివర్సిటీ వాళ్లు జీకేపీ కోడ్‌తో (ఒక ఆసిలేటర్ కంపనాల్లో సమాచారం దాచే పద్ధతి) క్యూట్రిట్‌నీ, నాలుగు స్థాయుల క్యూక్వార్ట్‌నీ సరిదిద్దని స్థితి కన్నా సుమారు 1.8 రెట్లు ఎక్కువసేపు నిలబెట్టారు, నేచర్ పత్రికలో వచ్చింది. చదివి మాట్లాడండి.

ఒంగోలు_గిత్త:
చదివాను సార్. నిలబెట్టింది జ్ఞాపకాన్ని. తప్పులు పాకకుండా గేట్లు నడిపితేనే ఫాల్ట్ టాలరెన్స్. ఆ రెండూ కలిపేస్తే కుర్రాడు ప్రాజెక్టు వైవాలో ఇరుక్కుంటాడు.

కావలి_మాస్టారు:
కలపలేదు. మీరడిగింది కొత్తేముందని, దానికి జవాబిచ్చాను.

గూడూరు_శ్రావణి:
మీ గొడవలో లీకేజ్ ఎవరూ ఎత్తలేదు! ట్రాన్స్‌మాన్ అనే సూపర్‌కండక్టింగ్ సర్క్యూట్‌లో క్యూబిట్ మూడో స్థాయికి జారితే మామూలు కోడ్‌కి అది కనపడదు. సరే, ఆ మూడోదాన్నే వాడుకుందామంటే ఈసారి నాలుగోదానికి జారుతుంది, పైగా పై స్థాయిలు త్వరగా కిందికి పడిపోతాయి. నా మోడల్‌లో మూడు స్థాయులకీ ఒకే ఆయుష్షు పెట్టి ఆరు నెలలు తప్పుడు గ్రాఫులు గీశాను. ఇప్పటికీ కడుపు మండుతుంది.

చీమకుర్తి_రాయి:
అమరావతికి క్వాంటమ్ కంప్యూటర్ వస్తే క్యూట్రిట్లు నడపనిస్తారంటారా?

గూడూరు_శ్రావణి:
పల్స్ స్థాయిలో, అంటే చిప్‌కి పంపే సంకేతాలనే మనం మార్చుకునే అనుమతి ఉంటేనే అన్నా. పెన్నా, నువ్వు 3, 5, 7 లాంటి ప్రధాన సంఖ్యలతోనే ఉండు, 6 జోలికి పోవద్దు. డెన్సిటీ మాట్రిక్స్ వదిలెయ్. ఒక్కసారికి ఒక్క స్థితినే రాసే స్టేట్ వెక్టర్ పెట్టి, తప్పులు యాదృచ్ఛికంగా వేసి, వేలసార్లు నడుపు. 19,683 సంఖ్యలే, ఒక ఫోటో అంత కూడా ఉండదు.

పెన్నా_ఒడ్డు:
అక్కా, ఈ రాత్రికే మొదలుపెడతా. ఆయుష్షులు వేర్వేరుగా ఎలా ఇచ్చావో ఆ కోడ్ కాస్త పంపుతావా?